మామగారు వద్దన్నారు

మామగారు ఎవరికైనా ఎదురు చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కునేవారు. ఆయన చదువుతున్న పేపరు ఎవరైనా అడిగితే, చదువుతున్న పేజీతో సహా ఇచ్చేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చునేవారు. నోట్లో నాలుక లేని మనిషని కోడలు స్నేహితురాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేది. అలాంటి మామగారు దొరకడం తన అదృష్టమనేది. ఆ అదృష్టంలో ఆయన వాటా ఎంత అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. మంచి మామగారు దొరికిన కోడళ్ళు అంత దూరం ఆలోచించరు.

తమాషా ఏమిటంటే, నోట్లో నాలుక లేని ఆ మనిషి జీవితమంతా నోటితోనే బతికాడు. ఆయన నాటకాల్లో ప్రాంప్టరు. స్టేజీ పక్కన తెర చాటున స్టూలు వేసుకుని కూర్చుని, నటుడు మాట మరిచిపోయి తడబడేలోపల ఆ మాటను జనానికి వినపడకుండా అతని చెవిన వెయ్యడం ఆయన పని. ట్రూపులో అందరూ ఆయన్ని గుసగుస అనేవారు. ప్రాంప్టరు ఒకడున్నాడని ప్రేక్షకులకు తెలిసిపోయిందంటే ఆ ప్రాంప్టరు పనికిరానివాడని లెక్క. అందుకని ఉన్నట్టు తెలియకుండా ఉండడం ఆయన ఒంటికి పట్టేసింది. ఇంట్లో కూడా తెర చాటున కూర్చున్నట్టే మసిలేవారు.

అదే ట్రూపులో రాజు వేషాలన్నీ ఒకాయనే వేసేవాడు. ఆయన్ని అందరూ మహారాజు అనేవారు. ఎత్తు, గొంతు, మీసం అన్నీ ఆయనవి. మరుపు వచ్చినప్పుడు మాట మాత్రం గుసగుసది. ఇప్పుడు మహారాజు వేరే ఊళ్ళో భార్యతో ఉంటున్నాడు. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలైంది. ఒక్కోరోజు భార్య పేరు గుర్తుకు రాదు. పాత డైలాగులు మాత్రం, మొదటి ముక్క ఎవరైనా అందిస్తే చాలు, కుళాయి తిప్పినట్టు వచ్చేస్తాయి. రోజూ కాసేపు చెప్పిస్తూ ఉండమని డాక్టరు అన్నాడు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక మామగారు చిన్నగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకుని, వీడియో కాల్లో మహారాజు చేత సీన్లు చెప్పించేవారు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. పెద్ద తెర మీద అయితే మహారాజు పెదవులు ఎక్కడ ఆగబోతున్నాయో ముందే కనిపెట్టవచ్చు.

ఇంతలో పాత ట్రూపువాళ్ళు మిగిలినవాళ్ళందరినీ పోగుచేసి ఒక సాయంత్రం హాలు మాట్లాడుకున్నారు. మహారాజు ఒక్క సీను చెయ్యాలని పట్టుబట్టారు. గుసగుస పక్కన ఉంటేనే చేస్తానన్నాడు మహారాజు. మామగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది, అంత దూరం కూర్చుని వెళ్ళలేరు. మహారాజు చెవిలో తీగలేని ఇయర్‌ఫోన్ పెట్టి, భార్య ఫోను పట్టుకుని స్టేజీ పక్కన నిలబడేటట్టు, మామగారు ఇంటి నుంచే మాట అందించేటట్టు ఏర్పాటు చేశారు. నలుగురిలో మహారాజు నిలబడతాడా, నవ్వులపాలవుతాడా అన్నది ఇక మామగారి గొంతు మీదే ఉంది. ఆ సంగతి మామగారికి నిద్రలో కూడా గుర్తుంది.

కంప్యూటర్ మాత్రం కోడలిది. ఆమె ఇంటీరియర్ డిజైనరు. కట్టబోయే వంటిల్లు, పడకగది ఎలా ఉంటాయో అచ్చం ఫోటోలా కంప్యూటర్లో తయారుచేసి చూపిస్తుంది. ఆఫీసులో కంప్యూటర్లు ముసలివి; ఒక్క బొమ్మ తయారయ్యేసరికి ఆ గదిలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి పోతారని అక్కడివాళ్ళే నవ్వుకుంటారు. అందుకని ఆమె ఇంట్లో గట్టి కంప్యూటర్ కొనుక్కుంది. పొద్దున్న బొమ్మను తయారీకి పెట్టి ఆఫీసుకు వెళ్ళి, అక్కడి నుంచే ఇంటి కంప్యూటర్లోకి వెళ్ళి చూసుకోవాలని ఆలోచన.

ఆఫీసులో నెట్‌వర్క్ పనులు చూసే మనిషి ఒకడున్నాడు. అందరూ అతన్ని తాళంకప్ప అంటారు. అతని దగ్గరికి ఎవరైనా ఏదైనా తెరవమని వెళితే మూసేసి పంపిస్తాడు. ఇంటి కంప్యూటర్లోకి దూరం నుంచి వెళ్ళాలని కోడలు అడిగితే, ముందు అరగంట ఆమెను భయపెట్టి, ఆ తర్వాత పని చెప్పాడు. రౌటర్‌లో దారి తీసి ఊరి మీదకు వదలకూడదు. వీపీఎన్ అనే చాటుదారిలోనే వెళ్ళాలి. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, అది చాలదన్నట్టు ఫోనుకు వచ్చే నంబరు కూడా కొట్టాలి. ఎవరైనా తప్పు పాస్‌వర్డ్ కొడుతూ పోతే కంప్యూటర్ తనంతట తాను తాళం వేసుకోవాలి. ఇంట్లో ఇద్దరు వాడితే ఇద్దరికీ వేరే వేరే అకౌంట్లు ఉండాలి. కోడలు తూచా తప్పకుండా అన్నీ చేసింది. మామగారి అకౌంటుకు పాస్‌వర్డ్ గొడవ పెట్టలేదు. తెర మీద అక్షరాలు తెలుగులో పెట్టి, పెద్దవి చేసి ఇచ్చింది. ఆ పూట తన మీద తనకే ముచ్చటేసింది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. తెర మీద తన పేరు కనపడుతున్నంతసేపూ ముట్టుకోవద్దంది. మామగారు బుద్ధిగా తల ఊపారు.

ఆ రకం కంప్యూటర్‌కు ఒక పద్ధతి ఉంది. లోపల ఇద్దరు ఒకేసారి కూర్చోవడానికి లేదు. ఆఫీసు నుంచి ఆమె లోపలికి వస్తే, ఇంట్లో కూర్చున్నవారు బయటికి పోవాలి. పొమ్మనే ముందు అది మర్యాదగా అడుగుతుంది. మామగారి తెర మధ్యలో ఒక పెట్టె తెరుచుకుని, ఫలానా ఆమె లోపలికి రావాలనుకుంటోంది, అనుమతిస్తారా అంటుంది. కింద రెండు మీటలు: సరే, వద్దు. ఏదీ నొక్కకపోతే కాసేపు చూసి బయటికి పంపించేస్తుంది. అవతల కోడలి తెర మీద కూడా, ఇంకొకరు లోపల ఉన్నారు, కొనసాగించాలా అని ఉంటుంది. ఆ తర్వాత, వారి జవాబు కోసం ఆగండి అని ఒక చిన్న వరుస వస్తుంది. ఈ రెండో వరుసను కోడలు ఏనాడూ చదవలేదు. చదివేంత సేపు అది తెర మీద ఉండేది కాదు. కోడలి పేరు కనపడగానే మామగారు సరే నొక్కేసేవారు.

మహారాజు నోరు తెరిచి మాట కోసం ఎదురుచూస్తుండగానే నొక్కేసేవారు. కాల్ తెగిపోయి, తాళం బొమ్మ వచ్చి, దాని కింద కోడలి పేరు ఉండేది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. కాసేపటికి మహారాజు భార్య బటన్ల ఫోనుకు చేసి, ఏమైందండీ, ఈయన అలాగే నిలబడిపోయి మీకోసం చూస్తున్నాడు అంటే, కరెంటు పోయింది వదినా అనేవారు.

కోడలికి ఆఫీసులో కనపడేది వేరు. రోజూ ఇంకొకరు లోపల ఉన్నారని వచ్చేది. మామగారు కంప్యూటర్ వాడుకుని, మూయకుండా వదిలేసి, వెళ్ళి పడుకుంటున్నారని ఆమె లెక్క కట్టింది. ఫ్యాను ఆపడం మరిచిపోయేవాళ్ళు కంప్యూటర్ మాత్రం గుర్తుపెట్టుకుని మూస్తారా అనుకుంది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అందుకుంది. ఇంత కష్టపడి తాళాలన్నీ వేస్తే మీరు తలుపు బార్లా తెరిచి వెళ్ళిపోతే ఎలా మామయ్యగారూ, ఎవరైనా దూరితే నా ఉద్యోగం ఏం కాను, పని అవగానే మూసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి అని చిన్నపిల్లవాణ్ణి కేకలేసినట్టు వేసింది. కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. అతను ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీకి బయలుదేరుతూ, కాస్త చూసుకో నాన్నా అన్నాడు.

నేను అక్కడే ఉన్నానమ్మా అని మామగారు అని ఉంటే ఆ క్షణంలో తేలిపోయేది. కాని అలా అంటే కోడలిది తప్పని చెప్పినట్టవుతుంది, అదీ కొడుకు ముందు. ఆయన తల వంచుకుని, ఇకనుంచి చూసుకుంటానమ్మా అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. చేయని తప్పుకు సిగ్గుపడడం కూడా ఆయనకు బాగానే వచ్చు.

కార్యక్రమం ముందురోజు ఆయన కోడలి కుర్చీ వెనక చాలాసేపు నిలబడ్డారు. రేపు సాయంత్రం ఒక గంటసేపు కంప్యూటర్ నాకు కావాలమ్మా, కొంచెం ముఖ్యం అన్నారు. కోడలు తెర మీద ఎవరిదో అలమరకు రంగు వేస్తోంది. ఊఁ అంది. ఆ ఊఁ రంగు కుదిరినందుకో, ఆయన మాటకో ఆమెకే తెలియదు.

మర్నాడు సాయంత్రం మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆయన్ని చూసేవాళ్ళు ఎవరూ లేరు. తెర చాటున కూర్చున్నప్పుడు కూడా ఇస్త్రీ చొక్కానే వేసుకునేవారట. ముందుగదిలో కొడుకు రాత్రి డ్యూటీ నిద్ర తీర్చుకుంటున్నాడు. వాడికి ఇబ్బంది లేకుండా గది తలుపు గట్టిగా వేసుకుని, మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని కూర్చున్నారు. తెర మీద హాలు కనిపించింది, వెలుగులో మహారాజు కనిపించాడు. కిరీటం కొంచెం పెద్దదయింది, లేక మనిషే చిక్కిపోయాడు.

సీను ఏమిటంటే, రాజ్యం వదిలి వెళ్ళిపోతున్న ముసలి రాజు తన గుర్రంతో మాట్లాడతాడు. మామగారు మొదటి ముక్క అందించారు. మహారాజు గొంతు హాలంతా నిండింది. రెండో మాటకు తడబడబోతే అందించారు. జనం దగ్గడం కూడా మానేశారు. మామగారి ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు తెర మధ్యలో పెట్టె తెరుచుకుంది. ఫలానా ఆమె లోపలికి రావాలనుకుంటోంది.

ఆయన చెయ్యి అలవాటు కొద్దీ సరే దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. పెట్టె వెనకాల మహారాజు సగం సగం కనపడుతున్నాడు. మామగారు ఊపిరి బిగబట్టి, మౌస్ బాణాన్ని పక్కకు జరిపి, వద్దు నొక్కారు. నొక్కి, ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూశారు కూడా. వెంటనే మళ్ళీ పెట్టె వచ్చింది. మళ్ళీ వద్దు నొక్కారు. ఆ తొందరలో కూడా మహారాజుకు ఒక్క మాట ఆలస్యం కానివ్వలేదు.

అవతల ఆఫీసులో కోడలి పక్కన యజమాని నిలబడి ఉన్నాడు. ఎదురుగా కొత్త ఇల్లు కట్టుకుంటున్న దంపతులు వాళ్ళ వంటిల్లు చూడాలని కూర్చున్నారు. ఇంకొకరు లోపల ఉన్నారు అని రాగానే ఆమె ఎప్పటిలా కొనసాగించమంది. తెర మీద, అవతలి వ్యక్తి మిమ్మల్ని నిరాకరించారు అని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. వంటిల్లు చూడడానికి వచ్చినాయన, మీ ఇంట్లోకి మిమ్మల్నే రానివ్వడం లేదేమిటండీ అని నవ్వాడు. యజమాని నవ్వలేదు. కోడలికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడే వస్తానని చెప్పి, పరుగులాంటి నడకతో తాళంకప్ప దగ్గరికి వెళ్ళింది.

అతను విని కుర్చీలోంచి లేచాడు. వదిలేసిన కంప్యూటర్ నిన్ను వద్దనదు; వద్దంటే దాని ముందు మనిషి ఉన్నట్టు అన్నాడు.

"ఇంట్లోవాళ్ళెవరైనా నొక్కారేమో కనుక్కో ముందు," అన్నాడు.

కోడలు అడ్డంగా తల ఊపింది.

"మా ఇంట్లో కంప్యూటర్ ముట్టుకునేది మా మామయ్యగారొక్కరే. ఆయన ఎవరినీ వద్దనరు."

అంత నమ్మకంగా అనేసరికి తాళంకప్ప కూడా నమ్మాడు. అయితే ఎవరో దూరినట్టే, ముందు ఇంటర్నెట్ తీగ పీకించు, మిగతావి తర్వాత చూద్దాం అన్నాడు. ఆమె మొగుడికి ఫోను చేసింది. అతను నిద్ర గొంతుతో ఎత్తాడు. మామయ్యగారు ఎక్కడున్నారంటే, గది తలుపు వేసుంది, పడుకున్నట్టున్నారన్నాడు. ఇక అనుమానం లేదు. కంప్యూటర్లో దొంగ ఉన్నాడు, ఏమీ అడక్కుండా లేచి రౌటర్ తీగ పీకెయ్యమంది. భార్య ఏమీ అడగొద్దంటే అడగడం అతనికి అలవాటు లేదు. కళ్ళు సగం మూసుకునే వెళ్ళి పీకేశాడు. మళ్ళీ వచ్చి దుప్పటి కప్పుకున్నాడు.

చిన్నగదిలో మహారాజు చెయ్యెత్తి అలాగే ఆగిపోయాడు. నటన అనుకున్నారు మామగారు ఒక క్షణం. తర్వాత తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. ఆయన అందించాల్సిన మాట నోట్లో తయారుగా ఉంది. దాన్ని ఆ బొమ్మకే చెప్పారు. కొంచెం గట్టిగా చెప్పారు. ఇన్నేళ్ళలో మొదటిసారి కేకేసి చెప్పారు.

హాల్లో మహారాజు, "పరిగెత్తినవి నీ కాళ్ళు" అన్నాడు. అని ఆగాడు. ఆ తర్వాతి మాట రాలేదు. మళ్ళీ, "పరిగెత్తినవి నీ కాళ్ళు" అన్నాడు. మామగారు బటన్ల ఫోను తీసుకుని వదిన నంబరు కొట్టారు. ఆ ఫోను మహారాజు చెవిలోనే మోగింది. ఆయన బెదిరిపోయి చెవిలోంచి దాన్ని పీకి, అరచేతిలో పెట్టుకుని, ఇదేమిటన్నట్టు చూశాడు. జనంలో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. మహారాజు స్టేజీ పక్కకు తిరిగి, తెర చాటున ఎప్పుడూ స్టూలు ఉండే చోటికేసి చూస్తూ, "గుసగుసా, ఉన్నావా?" అని అడిగాడు.

కోడలు యజమాని చేత నాలుగు మాటలు పడి, బండి మీద ఇంటికి వచ్చి పడింది. తాళంకప్ప ఫోనులోనే ఉన్నాడు. దొంగ దేన్ని ముట్టుకున్నాడో, ఏం పట్టుకుపోయాడో చూడాలని, చెప్పులతోనే చిన్నగది తలుపు తోసింది.

కంప్యూటర్ ముందు మామగారు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. తెర మీద ఇంకా ఆ చక్రం తిరుగుతూనే ఉంది. ఆమెను చూసి ఆయన లేచి నిలబడబోయారు. తుంటి సహకరించక కుర్చీ చెయ్యి పట్టుకున్నారు.

"వద్దని నొక్కింది నేనేనమ్మా," అన్నారు. "రెండుసార్లు నొక్కాను. తప్పయిపోయింది. నీ ఆఫీసు పనేమైనా చెడిందా?"

కోడలికి వెంటనే అర్థం కాలేదు. మీరా అంది. మీరు పడుకోలేదా అంది. చెవి దగ్గర తాళంకప్ప, ఎవడు, ఎవడున్నాడు లోపల అని అడుగుతున్నాడు. ఆమె జవాబు చెప్పకుండా ఫోను ఆపేసింది. కొడుకు దుప్పటితోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పీకిన తీగ అతని చేతిలో లేదుగాని, ముఖం మాత్రం దాన్ని పట్టుకున్నట్టే ఉంది.

అప్పుడే బటన్ల ఫోను మోగింది. మామగారు కుర్చీ చెయ్యి వదల్లేకపోతుంటే కోడలే ఎత్తింది. అవతల మహారాజు భార్య, ఎవరు ఎత్తారో కూడా చూసుకోకుండా ఏడుస్తూ చెప్పుకుపోయింది. హాల్లో జరిగినదంతా చెప్పింది. అందరూ నవ్వారని చెప్పింది. ఈయనకు ఇప్పటికే సగం మరుపుకొచ్చింది, నవ్వినవాళ్ళు గుర్తులేరు, గుసగుసకు నా మీద కోపమొచ్చిందా అని మాత్రం వదలకుండా అడుగుతున్నాడంది. చివరికి, ఈ ఒక్క పూటైనా కరెంటు ఉంటుందనుకున్నాం అంది.

"మీ ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఇలాగే పోతుందిగా," అంది. "రోజూ ఈయన సగం మాటలో నిలబడిపోవడమే. మీరేం చేస్తారులెండి, మీ చేతిలో పనా."

కోడలు ఫోను పట్టుకుని మామగారి వైపు చూసింది. ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట కరెంటు పోయి ఎన్నాళ్ళయిందో కూడా ఆమెకు గుర్తులేదు. రోజూ మధ్యాహ్నం ఆఫీసులో తాను ఏం చేస్తుందో గుర్తుంది. ఇంకొకరు లోపల ఉన్నారు, కొనసాగించాలా. ఆమె ప్రతిసారీ కొనసాగించింది. కొనసాగించి, ఇంటికి వచ్చి, మూయనందుకు ఆయన్ని కేకలేసింది. మొగుడి ఎదురుగా కేకలేసింది. ఆయన ఆ కేకలు తిని, అవతల ఆ ఇల్లాలికి కరెంటు పోయిందని చెప్పారు. ఇన్నాళ్ళూ కోడలి తప్పును కరెంటు మీదకు తోసి దాచిపెట్టారు. ఆమెకు ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది. గది చిన్నది, కుంగిపోవడానికి కూడా చోటులేదు. మామగారి ముఖం ఎదురుగానే ఉంది.

తప్పు నాదండీ, కరెంటు ఎప్పుడూ పోలేదు అని ఫోనులో చెప్పబోయింది. మామగారు వెంటనే చెయ్యెత్తి, వద్దన్నట్టు ఊపారు. ఆ ఒక్కసారైనా ఆమె ఆయన మాట వినాల్సింది. వినలేదు. తన మనసు తేలికపరచుకోవాలన్న ఆత్రంలో అంతా చెప్పేసింది. అవతల ఆ ఇల్లాలు, అయితే ఆయన మాతో రోజూ అబద్ధం చెప్పారన్నమాట అని మెల్లగా అంది. చిన్నగదిలో ఆ మాట మామగారికి కూడా వినపడింది. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేల చూశారు. కోడలు సిగ్గుపడి ఊరుకోవాల్సింది పోయి, ఆయన సిగ్గును కూడా అవతలివాళ్ళ ముందు పరిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు ఆయనకు వేరే కంప్యూటర్ కొంటానంది. సిగ్గు తీర్చుకోవడానికి వస్తువు కొనడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. ఎందుకమ్మా, ఇది బాగానే ఉందిగా అన్నారాయన. కొడుకు ఏదో అనబోయి అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు వెళ్ళేముందు ఆమె ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పక్కన తాను నేల మీద కూర్చుంది. ఎన్నడూ లేనిది అలా కూర్చునేసరికి ఆయన ఇబ్బందిగా కదిలారు. ఇకనుంచి మీరు లోపల ఉంటే నేను రాను మామయ్యగారూ, పొరపాటున వచ్చినా మీరు వద్దనండి, నేనేమీ అనుకోను అంది. నోటితో చెబితే చాలదనిపించింది. ఇవాళ భోజనాల వేళకు ముందు నేను ఒక్కసారి తలుపు తడతాను, మీరు ఖాళీగా ఉన్నా సరే వద్దు నొక్కాలి, నాకోసం నొక్కాలి అని మాట తీసుకుంది. ఆయన సరేనమ్మా అన్నారు. వద్దు మీట ఎక్కడ వస్తుందో వేలితో చూపించి మరీ సరేనన్నారు.

ఆఫీసులో ఆ వేళకు ఆమె పక్కన ఎవరినీ ఉండనివ్వలేదు. పాస్‌వర్డ్ కొట్టింది, ఫోనుకు వచ్చిన నంబరు కొట్టింది. ఇంకొకరు లోపల ఉన్నారు, కొనసాగించాలా అని వచ్చింది. అవునంది. వారి జవాబు కోసం ఆగండి అన్న వరుస వచ్చింది. మొదటిసారి ఆ వరుసను చదివింది. చదివి, మళ్ళీ చదివి, నిరాకరించారు అన్న మాట కోసం చూస్తూ కూర్చుంది. ఆ మాట ఒక్కటి వస్తే చాలు, తనను ఆయన క్షమించినట్టే అనుకుంది. ఇవాళ ఆ వరుస చాలాసేపు ఉంది. ఆయన ప్రయత్నిస్తున్నారనుకుంది.

తెర తెరుచుకుంది. ఎవరిదో వంటిల్లు, నిన్న చూపించలేకపోయినది, అలమరలతో సహా కళ్ళముందు నిలబడింది.

ఆమె ఇంటికి ఫోను చేసింది. మామగారు మొదటి మోతకే ఎత్తారు.

"సరే అని ఎందుకు నొక్కారు మామయ్యగారూ? వద్దనమన్నానుగా."

"అందామనే అనుకున్నానమ్మా. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా," అన్నారాయన. "మళ్ళీ ఎవరో దొంగ దూరాడనుకుని కంగారు పడతావేమోనని భయమేసింది. నీ పని చూసుకో తల్లీ. నేను ఖాళీగానే ఉన్నాను."

కోడలు ఏదో చెప్పాలనుకుంది. ఏం చెప్పాలో తోచక ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అవతల ఆయన కూడా పెట్టెయ్యకుండా, ఆమె మాట కోసం ఆగారు.